పెద్దవాళ్లను లెక్కపెట్టడం: ఒక చరిత్ర, కొన్ని అభ్యంతరాలు

వృద్ధాప్యం మీద ఎపిడెమియాలజీ ఎలా పెరిగిందో చెప్పే వ్యాసాలూ పాఠ్యపుస్తకాల అధ్యాయాలూ చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో మొదలై, బాల్టిమోర్ మీదుగా వచ్చి, 1974లో అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ పుట్టుక దగ్గర కాసేపు ఆగుతాయి. చివరి పేరాలో 2017-18 నాటి ‘లాసీ’ (లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా) సర్వేతో భారతదేశంలో అడుగుపెడతాయి. ఈ లెక్కన మనం అందరికన్నా వెనక బయల్దేరినవాళ్లం. దీని పక్కనే ఇంకో కథ కూడా బాగా ప్రచారంలో ఉంది. ఉమ్మడి కుటుంబాలు, శాకాహారం, పసుపు వేసిన కూరలు ఉన్నంతకాలం మన ముసలివాళ్లకు మతి పోయే జబ్బులు పెద్దగా రాలేదనీ, బతుకు తీరు మారాక పెరిగిపోయాయనీ. మొదటిది పరిశోధకులు చెప్పుకునే కథ, రెండోది పత్రికల కథ. సుమారుగా 1990 నుంచి 2008 దాకా మన పల్లెల్లో, మన నగరాల శివార్లలో ఒక వివాదం నడిచింది. రెండు కథలూ దాన్ని దాటవేసి ముందుకు పోతాయి. అసలు విషయం అక్కడే ఉందని నా వాదన.

అందరికీ తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. ఫ్రేమింగ్‌హామ్ ముసలితనం కోసం పెట్టిన అధ్యయనం కాదు. గుండెజబ్బు ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అని 5,209 మందిని పట్టుకుని చూడటం మొదలుపెట్టారు. వాళ్లకు వయసు మీదపడింది కాబట్టి అది వృద్ధాప్య అధ్యయనం కూడా అయింది. 1958లో నాథన్ షాక్ ఆధ్వర్యంలో మొదలైన బాల్టిమోర్ అధ్యయనం ముసలితనాన్ని చూడటానికే పెట్టినా, 1978 దాకా అందులో ఆడవాళ్లను చేర్చుకోలేదు. ఎక్కువకాలం బతికేదీ, ఎక్కువకాలం మంచాన పడేదీ ఎవరో తెలిసిన దేశంలోనే ఇరవై ఏళ్లు అలా గడిచాయి. నన్నడిగితే అసలు మలుపు ఈ రెండింటిలోనూ లేదు. క్లీవ్‌లాండ్‌లో సిడ్నీ కాట్జ్ బృందం తుంటి ఎముక విరిగిన వృద్ధులను గమనిస్తూ తయారుచేసి 1963లో ప్రచురించిన చిన్న కొలమానంలో ఉంది. స్నానం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికి వెళ్లడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, అన్నం తినడం. ఈ ఆరు పనులూ ఎవరి సాయం లేకుండా చేసుకోగలరా? అప్పటిదాకా ఎపిడెమియాలజీ జబ్బు పేరు అడిగేది. ఇక్కడ మొదటిసారి మనిషి ఏం చేసుకోగలడో అడిగింది.

ఆ తర్వాత 1977లో గ్రూయెన్‌బర్గ్ ఒక చేదు సంగతి ముందుకు తెచ్చాడు. వైద్యం చావును వాయిదా వేస్తోంది, జబ్బును కాదు. కాబట్టి జబ్బుతో బతికే ఏళ్లు పెరుగుతాయని. 1980లో జేమ్స్ ఫ్రైస్ దానికి ఎదురు చెప్పాడు: అవస్థ పడే కాలం చివరి కొద్ది ఏళ్లలోకి కుదించుకుపోతుందని. ఈ తగవు తీర్చాలంటే ఆస్పత్రికి వచ్చినవాళ్లను చూస్తే చాలదు, ఊళ్లో ఉన్నవాళ్లందరినీ చూడాలి. 1980ల మొదట్లో ఈస్ట్ బోస్టన్, న్యూహేవెన్, అయోవా గ్రామీణ ప్రాంతాల్లోనూ, ఆ తర్వాత నార్త్ కరోలినాలోనూ వేల మంది వృద్ధుల వెంట ఏళ్ల తరబడి తిరిగిన అధ్యయనాలు అందుకు పుట్టినవే. వాటితోపాటు జాన్స్ హాప్‌కిన్స్, పిట్స్‌బర్గ్ లాంటి చోట్ల ఈ పనికి మనుషులను తయారుచేసే శిక్షణకు ఏజింగ్ సంస్థ డబ్బిచ్చింది. అధ్యయనమూ శిక్షణా ఒకే కప్పు కింద నడిచాయి. ఇంటర్వ్యూ మధ్యలో ముసలామె ఏడిస్తే ఏం చేయాలో, తప్పిపోయిన మనిషిని ఎలా వెతకాలో, దొరకనివాళ్లను లెక్కల్లో ఎలా సర్దాలో విద్యార్థి అక్కడే నేర్చుకున్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

మన దగ్గర అప్పటికి ఏమీ లేదనడం నిజం కాదు. మదురైలో వెంకోబారావు, ఆయన సహచరులు 1980ల మొదట్లోనే ఊరి శివారు ప్రాంతంలో ఇంటింటికీ తిరిగి వృద్ధుల మానసిక ఆరోగ్యాన్ని లెక్కగట్టారు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర విభాగంలో పి.వి. రామమూర్తి, డి. జమున నడిపిన వృద్ధాప్య పరిశోధనా కేంద్రం దేశంలో ఆ రంగానికి తొలితరం చిరునామాల్లో ఒకటి. తెలుగువాళ్లు దాన్ని గుర్తుపెట్టుకున్నది తక్కువ. నేషనల్ శాంపిల్ సర్వే 1986-87లో తన 42వ విడతలో వృద్ధుల గురించి విడిగా ప్రశ్నలు అడిగింది. అయితే వీటిలో ఏదీ అదే మనుషుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లే అధ్యయనంగా స్థిరపడలేదు. తిరుపతి పని ఎక్కువగా సర్దుబాటు, సంతృప్తి, కుటుంబ సంబంధాల చుట్టూ తిరిగింది. ఎంతమందికి, ఏ వేగంతో అన్న ఎపిడెమియాలజీ ప్రశ్నలు దాని దారి కాదు. వైద్యం వైపు చూస్తే మద్రాస్ మెడికల్ కాలేజీలో వృద్ధాప్య వైద్యంలో ఎం.డి. కోర్సు 1996లో గానీ రాలేదు. ఆ కోర్సు తయారుచేసేది వైద్యుణ్ణి. జనాభాను చదివేవాణ్ణి కాదు.

పెద్ద వివాదంలోకి దిగే ముందు దానికి అడుగున ఉన్న చిన్న ఇబ్బంది ఒకటి చెప్పాలి. వృద్ధాప్యం మీద ఎపిడెమియాలజీలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె వయసు. మన దగ్గర దొరకనిది కూడా అదే. నల్గొండ పల్లెలో సర్వే చేసే అమ్మాయికీ ఇంటి అవ్వకూ మధ్య మాట ఇలా నడుస్తుంది:

“అవ్వా, నీకెన్నేండ్లు?”

“ఏమో బిడ్డా, డెబ్బై ఉంటయేమో, ఎనబై ఉంటయేమో. నువ్వే రాసుకో.”

“రజాకార్ల లొల్లి యాదికున్నదా?”

“ఎందుకు లేదు? అప్పటికి నా పెండ్లయింది. ఇంకా కాపురానికి పోలె.”

ఆ లొల్లిని ముగించిన పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగింది. పెళ్లయి కాపురానికి పోలేదంటే పదేళ్లు అటూ ఇటూ. అమ్మాయి 1938 అని రాసుకుంటుంది. కృష్ణా జిల్లా దక్షిణాన అయితే 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన ఇదే పనికి వస్తుంది: ఉప్పెన నాటికి పెద్దకొడుక్కి ఎన్నేళ్లు, వాడు పుట్టేనాటికి నీకెన్నేళ్లు అని వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఊరి సంఘటనలతో వేసుకున్న ఈ క్యాలెండర్ సర్వే సంచిలో లేకపోతే వయసులన్నీ అరవై, అరవై అయిదు, డెబ్బై దగ్గర కుప్పపడతాయి. జనాభా లెక్కల్లోనూ అలాగే కుప్పపడుతున్నాయి. ఆధార్ కార్డుల్లో జనవరి 1న పుట్టినవాళ్లు అంతమంది ఎందుకున్నారో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఇందులో నవ్వుకోవడానికి ఏమీ లేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషిని డెబ్బై అయిదని రాసుకుంటే డెబ్బై అయిదేళ్లవాళ్లలో జబ్బు తగ్గినట్టు కనిపిస్తుంది. ముసలితనం పెరిగేకొద్దీ డిమెన్షియా రేటు అయిదారేళ్లకోసారి రెట్టింపవుతుంది కాబట్టి ఈ తప్పు చిన్నది కాదు.

ఈ బాధ తప్పించుకున్న చోటు మైసూరు. అక్కడి హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆస్పత్రిలో 1934 నుంచీ పుట్టిన బిడ్డల బరువు, తేదీ రిజిస్టర్లలో రాసి ఉంచారు. కరోలిన్ ఫాల్ తదితరులు 1990లలో ఆ రిజిస్టర్లు పట్టుకుని, పెద్దవాళ్లయిన ఆ బిడ్డలను వెతికి పరీక్షించారు. 517 మంది మీద 1996లో వచ్చిన ఆ పత్రం తక్కువ బరువుతో పుట్టినవారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని చెప్పింది. పుట్టుకతో మొదలై ముసలితనం దాకా పోయే దారి దక్షిణాదిలోనే ఉందని అప్పుడు తేలింది. మన పాఠ్యాంశాల్లో దీనికి దక్కుతున్న చోటు ఫ్రేమింగ్‌హామ్‌కు దక్కేదాంట్లో పదో వంతు కూడా ఉండదు.

ఇక వివాదం సంగతి. 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 1965 నుంచీ నడుపుతున్న గ్రామీణ ఆరోగ్య ప్రాజెక్టు పరిధిలో, విజయ్ చంద్ర, రాజేశ్ పాండవ్‌ల బృందమూ, పిట్స్‌బర్గ్‌లో ఉన్న మేరీ గంగూలీ కలిసి ఒక పని తలపెట్టారు. పెన్సిల్వేనియాలో పాత ఉక్కు మిల్లుల ప్రాంతమైన మొనాంగహేలా లోయలో గంగూలీ అప్పటికే వృద్ధుల మతి మీద అధ్యయనం నడుపుతున్నారు. ఒకే పద్ధతిని ఆ లోయలోనూ ఈ పల్లెల్లోనూ వాడి అల్జీమర్స్‌ను పోల్చి చూడాలని వాళ్ల ఆలోచన. బల్లభ్‌గఢ్‌లో 55 ఏళ్లు దాటిన 5,126 మందిని చూశారు. అందులో 73 శాతం మందికి చదువు రాదు.

పరీక్ష ఎలా పెట్టాలి? ప్రపంచమంతా వాడేది 1975లో ఫోల్‌స్టీన్ తయారుచేసిన ముప్పై మార్కుల పరీక్ష. ఈ రోజు తారీఖెంత, వందలోంచి ఏడు తీసేస్తూ పో, ఈ కాగితం మీద రాసింది చదివి అలాగే చెయ్యి, ఒక వాక్యం రాయి - ఇలా సాగుతుంది. బడి ముఖం చూడని మనిషికి ఇది మతిపరీక్ష కాదు, చదువుపరీక్ష. బృందం హిందీలో కొత్త పరీక్ష కట్టింది. ‘కళ్లు మూసుకోండి’ అని రాసిన కాగితం చూపించే బదులు, నా ముఖం చూడు, నేను చేసినట్టు చెయ్యి అని ఇంటర్వ్యూ చేసేవాళ్లే కళ్లు మూసుకుంటారు. వాక్యం రాయమనే బదులు మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమంటారు. రోజువారీ పనుల సంగతీ అంతే. టెలిఫోన్ వాడతారా, సొంతంగా వంట చేసుకుంటారా, బ్యాంకు లెక్కలు చూసుకుంటారా అని లాటన్, బ్రోడీ 1969లో తయారుచేసిన జాబితా అడుగుతుంది. జన్మలో పొయ్యి వెలిగించని డెబ్బై ఏళ్ల తాత వంట చేయలేకపోతే దాన్ని జబ్బు అందామా? అందుకని ఊళ్లో దారి తప్పుతారా, పండుగలు గుర్తుంటాయా, పెళ్లిళ్ల లాంటి విషయాల్లో నలుగురితో కలిసి మాట్లాడతారా అని ఇంట్లోవాళ్లను అడిగే కొత్త జాబితా రాసుకున్నారు. నా దృష్టిలో ఆ తర్వాత వచ్చిన ఫలితాలకన్నా ఈ ప్రశ్నావళులే పెద్ద పని. చదువురాని జనంలో మతిని కొలిచే విద్యను ఆ పల్లెల్లో కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. అమెరికాలో దానికి అంత అవసరమే పడలేదు.

ఫలితాలు 1998లో, 2001లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చాయి. 65 దాటినవారిలో డిమెన్షియా 1.36 శాతం, అల్జీమర్స్ 1.07 శాతం. ప్రపంచంలో అప్పటిదాకా నమోదైన వాటిలో బాగా కింద ఉండే అంకెలివి. జబ్బు వచ్చినవాళ్లు త్వరగా చనిపోతున్నారు కాబట్టి లెక్క వేసే రోజున తక్కువ కనిపిస్తున్నారేమో అన్నది సహజమైన అనుమానం. రెండో పత్రం ఆ అనుమానం తీర్చడానికే: రెండేళ్లలో కొత్తగా జబ్బు పడినవాళ్లను లెక్కించారు. అదీ తక్కువే. వయసు తేడాలు సర్దాక 65 దాటిన వెయ్యి మందిలో ఏడాదికి అల్జీమర్స్ బల్లభ్‌గఢ్‌లో 4.7, మొనాంగహేలా లోయలో 17.5. అల్జీమర్స్ ముప్పు పెంచే ఎపోఈ-4 జన్యురూపం కూడా బల్లభ్‌గఢ్‌లో కొంత తక్కువని ఇంకో పత్రం చెప్పింది. కానీ అది ఉన్నవాళ్లకు ముప్పు రెండు చోట్లా ఒకేలా ఉంది, కాబట్టి ఆ కొద్దిపాటి తేడా దాదాపు నాలుగు రెట్ల తేడాను మోయలేదు.

అధ్యయనం చేసినవాళ్లు జాగ్రత్తగానే మాట్లాడారు. వెంబడించిన కాలం తక్కువ, సంస్కృతి ప్రభావం ఉండవచ్చు, అర్థం చెప్పేటప్పుడు ఆచితూచి చెప్పాలి అని పత్రంలోనే రాసుకున్నారు. ఆ జాగ్రత్త ప్రయాణంలో ఎక్కడో జారిపోయింది. 2001లో అమెరికాలో పసుపులోని కర్కుమిన్‌ను ఎలుకల మీద పరీక్షించినవారు, భారతదేశంలో డెబ్బైల్లో ఉన్నవారిలో అల్జీమర్స్ అమెరికాలో కన్నా 4.4 రెట్లు తక్కువన్న లెక్కను తమ వాదనకు ఆసరాగా తీసుకున్నారు. అక్కడి నుంచి అది పత్రికలకూ, అక్కడి నుంచి పసుపు గోళీలు అమ్మేవాళ్లకూ చేరింది. అదే కాలంలో కేరళలో షాజీ బృందం ఎర్నాకుళం జిల్లా పల్లెల్లో 60 దాటినవారిలో 3 శాతానికి పైన చూసింది. చెన్నై దగ్గర పల్లెల్లో రాజ్‌కుమార్, తారా తదితరులు 3.5 శాతం చూశారు. వాళ్లు లెక్కపెట్టింది 60 నుంచి, బల్లభ్‌గఢ్ లెక్క 65 నుంచి. వయసు సరిచేస్తే తేడా ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు. కేరళలోనూ చెన్నైలోనూ పసుపు వేయకుండా కూర వండరు కదా. పసుపు వాదం అక్కడితోనే ఆగిపోవలసింది.

మరి తేడా ఎక్కడిది? ఇక్కడ 10/66 అనే బృందం వస్తుంది. ప్రపంచంలో డిమెన్షియా ఉన్నవాళ్లలో 66 శాతం వర్ధమాన దేశాల్లో ఉంటే, పరిశోధనలో పది శాతమో అంతకన్నా తక్కువో అక్కడ జరుగుతోందన్నది ఆ పేరు వెనక ఉన్న లెక్క. 1998లో కొచ్చిలో జరిగిన అల్జీమర్స్ సదస్సులో అది పుట్టింది. లండన్‌కు చెందిన మార్టిన్ ప్రిన్స్ సమన్వయం చేశాడు. వీళ్లు పట్టుకున్న కీలకం డిమెన్షియా నిర్వచనంలోనే ఉంది. డీఎస్ఎం-4 అనే అమెరికన్ నిర్వచనం ప్రకారం మతి తగ్గితే చాలదు. దానివల్ల సామాజిక జీవితమో వృత్తో దెబ్బతినాలి, మునుపటితో పోలిస్తే దిగజారినట్టు ఎవరో చెప్పాలి. చెప్పేది ఇంట్లోవాళ్లు. కోడలిని అడిగితే, “వయసైపోయింది కదండీ, కాస్త చాదస్తం. ఇబ్బందేముంది, అన్నం పెడితే తింటారు, అరుగు మీద కూర్చుంటారు,” అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆ పెద్దాయన నుంచి ఇంట్లో ఎవరూ ఏ పనీ ఆశించడం లేదు, కాబట్టి ఏ పనీ చెడినట్టు కనబడదు. బిల్లులు కట్టుకుంటూ, కారు నడుపుకుంటూ ఒంటరిగా బతికే పెన్సిల్వేనియా ముసలామెకు అదే స్థాయి మతిమరుపు వస్తే నెలలోపే బయటపడుతుంది.

2008లో ‘లాన్సెట్’లో ఏడు దేశాల్లో 15 వేలకు దగ్గరగా వృద్ధులను చూసిన ఫలితాలు వచ్చాయి. మన దేశం నుంచి చెన్నై, వెల్లూరు పల్లెలు. డీఎస్ఎం-4 నిర్వచనంతో గ్రామీణ భారతంలో డిమెన్షియా 0.3 శాతం. బల్లభ్‌గఢ్‌ను కూడా మించిన తక్కువ. అదే జనానికి 10/66 సొంత కొలమానం పెడితే ఏ ప్రాంతంలోనూ 5.6 శాతానికి దిగలేదు. ఒకే మనుషులు, ఒకే ఇంటర్వ్యూ. నిర్వచనం మారేసరికి అంకె పద్దెనిమిది రెట్లకు పైగా మారింది.

ఇక్కడ 10/66 వైపు పూర్తిగా ఒరిగిపోవడం తేలిక, చాలామంది ఒరిగారు కూడా. నాకు కొంత సందేహం మిగిలే ఉంది. 2003లో ఆ కొలమానాన్ని 25 కేంద్రాల్లో 2,885 మంది మీద సరిచూసినప్పుడు అసలు జబ్బు ఉన్నవాళ్లలో 94 శాతాన్ని పట్టింది, బాగుంది. జబ్బు లేని తక్కువ చదువువాళ్లలో నూటికి ఆరుగురిని కూడా జబ్బున్నట్టు చూపించింది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి పదిహేను. ఎవరికీ జబ్బు లేని పల్లెకు వెళ్లి ఈ కొలమానం పెట్టినా ఆరు శాతం దగ్గర ఒక అంకె వస్తుందని దీని అర్థం. వెల్లూరు పల్లెల అంకెలో ఎంత జబ్బు, ఎంత నిరక్షరాస్యత? చెన్నైలో అదే మనుషులను మూడేళ్ల తర్వాత మళ్లీ చూసినప్పుడు 10/66 డిమెన్షియా అని తేల్చినవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నాయి, బతికినవారు మరింత దిగజారారు. అంటే కొలమానం గాలిలో పట్టుకున్నది కాదు. నా అంచనా ఏమిటంటే బల్లభ్‌గఢ్ తక్కువ లెక్కపెట్టింది, 10/66 కొంత ఎక్కువ లెక్కపెట్టింది, అసలు అంకె రెండింటి మధ్యా ఉంటుంది, రెండోదానికి దగ్గరగా. మన దేశానికి ప్రత్యేక రక్షణ ఉందన్న మాట మాత్రం 2008 తర్వాత ఎవరూ గంభీరంగా అనకూడదు. అంటూనే ఉన్నారు, అది వేరే సంగతి.

శిక్షణ చరిత్రలో కూడా ఈ కాలానికి పెద్ద చోటివ్వాలి. 10/66 పరీక్షను మానసిక వైద్యులు లేకుండా, శిక్షణ పొందిన మామూలు మనుషులు ఇంటింటికీ వెళ్లి చేసేలా తయారుచేశారు. రోగనిర్ధారణ కంప్యూటర్ సూత్రం చేస్తుంది. ఇంకా ఆసక్తికరమైనది కేరళలో 2002లో వచ్చిన చిన్న అధ్యయనం. స్థానిక ఆరోగ్య కార్యకర్తలకు కొద్ది గంటల శిక్షణ ఇచ్చి, మీ పరిధిలో మతి తప్పినట్టున్న పెద్దవాళ్లెవరో చెప్పండన్నారు. ఇల్లిల్లూ తెలిసినవాళ్లు కాబట్టి పేర్లు చెప్పారు. డాక్టర్లు వెళ్లి చూస్తే దాదాపు మూడింట రెండొంతులు నిజమే. కోడలు డాక్టరుతో అనని మాట ఆరోగ్య కార్యకర్తతో అంటుంది. ఆశా వర్కర్లు ఊరూరా ఉన్న ఈ రోజుల్లో దేశమంతా అమలు చేయగలిగిన పద్ధతి ఇది. పత్రంగా ప్రశంసలు పొందింది, అంతే.

హైదరాబాద్ కథ ఇందులో చిన్నదే అయినా చెప్పుకోదగ్గది. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల మీద సువర్ణ అల్లాడి, సహచరులు 2013లో ఒక ఫలితం చెప్పారు. రెండో భాష మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివాళ్లలోనూ ఈ తేడా ఉంది. టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ అంతకుముందే ఇలాంటిది చెప్పినప్పుడు, అక్కడ రెండు భాషలవాళ్లంటే వలస వచ్చినవాళ్లు కదా, తేడా వలసదేమో అన్నారు. తెలుగు, ఉర్దూ, హిందీ పక్కపక్కనే పెరిగిన హైదరాబాద్‌లో ఆ అభ్యంతరం చెల్లదు. అయినా ఇది ఆస్పత్రికి వచ్చినవాళ్ల లెక్క. ఎవరు ఎప్పుడు ఆస్పత్రికి వస్తారన్నది వాళ్ల భాష మీద, బతుకు మీద కూడా ఆధారపడుతుంది. జనాభాను వెంబడించిన ఇతర దేశాల అధ్యయనాలు అన్నీ దీనితో ఏకీభవించలేదు. ఈ ప్రశ్న తేల్చగలిగిన చోట్లలో ఒకటి కోలారు జిల్లా శ్రీనివాసపురం. బెంగళూరు సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 45 దాటిన వేలమందిని ఏళ్ల తరబడి వెంబడించాలని పనిపెట్టుకున్న ప్రాంతం. ఇంట్లో తెలుగు, బయట కన్నడ అక్కడ మామూలు.

ఇక ఇప్పటి సంగతి. లాసీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ముంబై జనాభా అధ్యయన సంస్థ నేతృత్వంలో 45 దాటిన 72 వేల మందిని తెలుగుతో సహా అనేక భాషల్లో ప్రశ్నించి, పిడికిలి బలం నుంచి రక్తపు చుక్క దాకా కొలిచిన సర్వే ఇంతకుముందు లేదు. అందులోంచి నాలుగు వేలకు పైగా వృద్ధులను విడిగా పరీక్షించి, ఆ వివరాలను నిపుణులు ఆన్‌లైన్‌లో చూసి తేల్చగా, 60 దాటినవారిలో డిమెన్షియా 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది అని 2023లో అంచనా వేశారు. పల్లెల్లో, ఆడవాళ్లలో ఎక్కువ. పత్రికలు వెంటనే ‘పెరిగిపోతున్న డిమెన్షియా’ అని రాశాయి. ఎక్కడి నుంచి పెరిగింది? 1.36 నుంచా? అది వేరే నిర్వచనం, వేరే పరీక్ష, వేరే వయసు గీత. పెద్దవాళ్ల సంఖ్య పెరుగుతోంది కాబట్టి రోగుల సంఖ్య పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. రేటు పెరిగిందని చెప్పడానికి మాత్రం ఒకే కొలమానంతో రెండుసార్లు కొలిచిన లెక్క కావాలి. అది మన దగ్గర లేదు.

లెక్కలు అందరికీ ఉచితంగా దొరకడం మంచిదే. దానివల్ల ఒక వింత తరం కూడా తయారైంది. లాసీ ఫైలు దింపుకుని, పిడికిలి బలానికీ వైధవ్యానికీ, వైధవ్యానికీ నిద్రకూ సంబంధాలు చూపిస్తూ వారానికొక పత్రం వస్తోంది. రాసినవాళ్లలో చాలామంది ఒక్క అవ్వను కూడా వయసు అడిగి ఉండరు. మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్ పీజీల సంగతి ఇంకోలా ఉంటుంది. దగ్గర్లోని వృద్ధాశ్రమానికో అర్బన్ హెల్త్ సెంటర్ పరిధికో వెళ్లి, రెండు మూడు వందల మందిని ఒక్కసారి చూసి థీసిస్ ముగిస్తారు. ఇళ్లలో ఉన్న పెద్దవాళ్లు ఆశ్రమంలో ఉన్నవాళ్లలా ఉండరని ఎవరూ వాళ్లకు చెప్పరు, లేదా చెప్పినా వినే సమయం ఉండదు. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం వార్డులు, ఓపీలు, ఫిజియోథెరపీ గదులు కట్టడం మీద నడిచింది. లెక్కపెట్టే మనుషులను తయారుచేయడం ఎవరి జాబితాలోనూ పైన లేదు.

అవకాశాలు లేక కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987-90 మధ్య గర్భిణులకు, పిల్లలకు అదనపు పోషకాహారం ఇచ్చి చూసిన ప్రయోగాన్ని జాతీయ పోషకాహార సంస్థ, లండన్ పరిశోధకులు కలిసి తర్వాత తల్లిదండ్రుల దాకా విస్తరించారు. ఆ తల్లులు ఇప్పుడు అరవైల వైపు నడుస్తున్నారు. గర్భం నాటి నుంచీ నమోదున్న కుటుంబాలు అవి. ఫ్రేమింగ్‌హామ్‌లో జరిగినట్టే, వృద్ధాప్యం కోసం కాకపోయినా వృద్ధాప్య అధ్యయనం కాగలిగిన అవకాశం తెలంగాణలోనే ఉంది. దాన్ని వాడుకోవడానికి కావలసింది డబ్బు ఒక్కటే కాదు. పదేళ్ల తర్వాత కూడా అదే ఇంటికి వెళ్లి తలుపు తట్టగలిగిన ఉద్యోగులు, ప్రాజెక్టు ముగియగానే వాళ్లను ఇళ్లకు పంపేయని సంస్థ కావాలి.

లాసీని పాతికేళ్ల పాటు మళ్లీ మళ్లీ చేయాలని తలపెట్టారు. మొదటి విడత నివేదిక 2021 జనవరిలో వచ్చేనాటికి కోవిడ్ అడ్డుపడింది, రెండో విడత వెనకబడింది. ఆలస్యమైన ప్రతి ఏడూ మొదటి విడతలో ఎనభై దాటినవాళ్లలో కొందరు పోతుంటారు. పోయినవారి ఇంటికి వెళ్లి ఎప్పుడు పోయారు, ఎన్నాళ్లు మంచాన ఉన్నారు, ఆఖరి ఏడాది ఎవరు చూసుకున్నారు, ఎంత ఖర్చయింది అని అడగడం రెండో విడత పనిలో పెద్ద భాగం. ఫ్రైస్, గ్రూయెన్‌బర్గ్‌ల తగవు మన దేశంలో తేలేది ఆ జవాబులతోనే. కొడుకుల మధ్య ఆస్తి గొడవ నడుస్తున్న ఇంట్లో కూర్చుని ఆ ప్రశ్నలు ఎలా అడగాలో నేర్పే తరగతి మన పబ్లిక్ హెల్త్ కోర్సుల్లో నాకింకా కనబడలేదు.